చుట్టకు లేని హెచ్చరిక

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో టీ తాగుతూ ఫోన్ చూసుకునేవారికి వారానికో కొత్త టెన్షన్. ఒకరోజు చిప్స్, ఇంకోరోజు కూల్‌డ్రింకు, మరోరోజు మసాలా పొడి. అన్నిటి కిందా ఒకటే మాట: ‘క్యాన్సర్ వస్తుంది’. ఎంత తింటే, ఎన్నాళ్లు తింటే అన్నది మాత్రం ఎవరూ రాయరు.

అస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి సంగతే చూడండి. డైట్ కూల్‌డ్రింకుల్లో, షుగర్ ఉన్నవాళ్లు టీలో వేసుకునే కొన్ని తీపి బిళ్లల్లో ఉంటుంది. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బీ జాబితాలో పెట్టింది. కలబంద మొత్తం ఆకు నుంచి తీసిన సారమూ అందులో ఉంది. అదే రోజు మరో నిపుణుల సంఘం, శరీర బరువులో కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని మార్చక్కర్లేదంది. 70 కిలోల మనిషి ఆ గీత దాటాలంటే రోజూ 9 నుంచి 14 డబ్బాలు తాగాలి. మొదటి కబురు ఊరూరా తిరిగింది, రెండోది గడప దాటలేదు. భయపడి పంచదారకు మళ్లిన షుగర్ రోగికి జరిగే చెరుపు అంతకంటే ఖాయం.

ఆ జాబితాలు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదో మాత్రమే, ముప్పు ఎంత పెద్దదో కాదు. పొగాకు, సారా, సాసేజీ (నిల్వ మాంసం) మూడూ ‘క్యాన్సర్ కారకమే’ అనే మొదటి వరసలోనే ఉన్నాయి. తేలూ తాచూ రెండూ విషప్పురుగులే, కాటు మాత్రం ఒకటి కాదు. కాలిఫోర్నియాలో 1986లో వచ్చిన క్యాన్సర్ హెచ్చరికల చట్టం చివరికి కాఫీ దాకా వెళ్లింది. బోర్డు పెట్టాల్సిందేనని 2018లో కోర్టు అంటే, అక్కర్లేదని 2019లో ప్రభుత్వమే మినహాయించాల్సి వచ్చింది.

ఇది కల్తీగాళ్లకు వకాల్తా కాదు. పీచు మిఠాయిలో కలిపే రోడమిన్-బి బట్టల రంగు. తిండిలో దానికి చోటే లేదు, మోతాదు లెక్కలూ అనవసరం. తమిళనాడు 2024లో అలాంటి మిఠాయిని నిషేధించి మంచి పనే చేసింది.

మా బాధ వేరే. మన తీర గ్రామాల్లో చేపలు శుభ్రం చేస్తూ కూర్చున్న ముసలమ్మను గమనించండి. చేతులు రెండూ పనిలో ఉంటాయి. నోట్లో చుట్ట ఉంటుంది, నిప్పు లోపలికి. గాలికి ఆరిపోదు, బూడిద ఒళ్లో పడదు. అడ్డపొగ అంటారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికే. ఆంధ్రలో ఈ అలవాటుపై 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి పరిశోధకులు 1971లోనే నివేదిక ప్రచురించారు. అంగిలి క్యాన్సర్‌కు దీనితో ఉన్న సంబంధంలో ‘కావచ్చు’లు లేవు. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని 2016 నుంచి నిబంధన. సంతలో విడిగా కొనే చుట్టకు పెట్టే లేదు, ఇక బొమ్మెక్కడ?

30 ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష సర్కారు కార్యక్రమంలో ఉన్నదే. ఇంటికొచ్చే ఆరోగ్య కార్యకర్త బీపీ చూసి, షుగర్ చూసి లేచిపోకుండా ఆ ముసలమ్మను నోరు తెరవమని టార్చి వేసి అంగిలి చూడాలి. తెల్లమచ్చ కనిపిస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్లే బాధ్యత ఎవరిదో జిల్లా వైద్యారోగ్యశాఖ ఈ నెలలోనే తేల్చాలి.