క్లబ్బుల లెక్కతో కేర్‌ను కొలవొద్దు

డెన్మార్క్ మాజీ ఫుట్‌బాల్ డిఫెండర్ సైమన్ కేర్ ఏ క్లబ్బులోనూ నిలదొక్కుకోలేదని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. 2008లో ఇటలీ క్లబ్ పలెర్మోకి వెళ్లినప్పుడు అతనికి 19 ఏళ్లు. ఆ తర్వాత వోల్ఫ్స్‌బర్గ్, రోమా, లిల్, ఫెనర్‌బాచె, సెవియా, అటలాంటా క్లబ్బులు మారాడు. ఫార్వర్డ్ అయితే కొత్త టీమ్‌లో ఒక గోల్ కొట్టి పేరు తెచ్చుకోవచ్చు. కేర్‌లా డిఫెన్స్ మధ్యలో ఆడే సెంటర్ బ్యాక్‌కి ఆ వీలు లేదు. పక్కవాడు ఎప్పుడు ముందుకెళ్తాడో, గోల్‌కీపర్ ఎప్పుడు బయటికొస్తాడో ప్రతిచోటా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అటలాంటాలో ఆడే అవకాశాలు పెద్దగా దొరకనివాడు 2020 జనవరిలో లోన్ మీద (తాత్కాలికంగా అరువుకి) మిలాన్‌కి వచ్చి, నాలుగేళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. అది నిలదొక్కుకోవడం కాదా?

2021 డిసెంబర్‌లో మోకాలి గాయమై సీజన్ మధ్యలోనే ఆట ఆగిపోయింది. ఆ సీజన్‌లోనే మిలాన్ 11 ఏళ్ల తర్వాత ఇటలీ లీగ్ గెలిచింది. అతని బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అసలు 2021 జూన్ 12 గురించి ఆ వ్యాసంలో ఒక్క ముక్కా రాయలేదేం? కోపెన్‌హాగన్‌లో ఫిన్లాండ్‌తో మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ కుప్పకూలాడు. కెప్టెన్ కేర్ పరుగున వెళ్లి అతన్ని పక్కకు తిప్పాడు, ఊపిరికి అడ్డం లేకుండా చూశాడు. కెమెరాలకు కనపడకుండా ఆటగాళ్లందరినీ చుట్టూ గోడలా నిలబెట్టాడు. ఏడుస్తూ మైదానంలోకి వచ్చిన ఎరిక్సన్ భాగస్వామిని దగ్గరకు తీసుకున్నాడు. మ్యాచ్ మళ్లీ మొదలయ్యాక కాసేపు ఆడి, ఇక తనవల్ల కాక బయటికొచ్చేశాడు.