ఆసరా పటమా, ఆచూకీ పటమా?

ఇల్లు వదిలి వచ్చిన స్త్రీకి ఒక రాత్రి చోటిచ్చే గది, శస్త్రచికిత్స తర్వాత ట్రాన్స్ మనిషికి తోడుండే ఇల్లు, మంచాన పడ్డవారికి వంతులేసుకుని వండిపెట్టే స్నేహితులు. ప్రభుత్వ లెక్కల్లో వీటికి గడే లేదు. లెక్కకు రానిదానికి నిధులూ రావు కాబట్టి పటానికెక్కించాలన్న స్త్రీవాద, క్వియర్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ మనుషులు వగైరా) బృందాల వాదన సబబే. ఎక్కిస్తున్న తీరే ఒళ్లు మండిస్తోంది. ఆసరా పేరు చెప్పి ఆచూకీ పంచుతున్నారు.

ఫోన్ చూపిన అక్షాంశ రేఖాంశాలను ఉన్నవి ఉన్నట్టే లింకుతో పంచే ఆన్‌లైన్ షీటులో పడేస్తున్నారు. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. రెండు దశాంశ స్థానాలుంచితే చోటు తెలిసేది కిలోమీటరు పైచిలుకు తేడాతో, మూడుంచితే 110 మీటర్లు, అయిదుంచితే ఒక్క మీటరు. అయిదో అంకె చూపేది పేటను కాదు, గుమ్మాన్ని. ఆమెను వెంటాడుతున్న భర్తకూ అదే గుమ్మం.

అసలు చోటు తెలియకుండా పటంలో చుక్కను అటూ ఇటూ జరిపామంటారు. పేజీ తెరిచిన ప్రతిసారీ కొత్తగా జరిపితే, వందసార్లు తెరిచి సగటు తీసినవాడికి అసలు చోటు దొరుకుతుంది. జరపాల్సింది ఒక్కసారే, భద్రపరచాల్సింది ఆ జరిపిన విలువనే. ఎంత జరపాలన్నది చుట్టూ ఉన్న ఇళ్లను బట్టి ఉంటుంది: కిక్కిరిసిన వీధిలో 200 మీటర్లు సరిపోవచ్చు, పొలాల మధ్య ఒంటిల్లయితే కిలోమీటరు జరిపినా అదే ఇల్లు. తెర మీద మసకబరిచి, డౌన్‌లోడ్ ఫైలులో అసలు అంకెలు వదిలేయడం మరో నిర్వాకం. ఫొటోలో దాగిన జియోట్యాగ్ (తీసిన చోటు వివరం) సంగతి సరేసరి. ఎవరైనా మార్చగల ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టి తీసేసినా, పాత మార్పుల చరిత్రలో చుక్క పదిలంగా ఉంటుంది.

2017లో మొదలైన క్వీరింగ్ ద మ్యాప్ అనే ఆన్‌లైన్ పటంలో క్వియర్ మనుషులు పెట్టినవి పేర్లు లేని జ్ఞాపకాలు, ఆశ్రయాల చిరునామాలు కావు. అయినా 2018 ఫిబ్రవరిలో ట్రంప్ అనుకూల సందేశాలతో దాడి జరిగి, కొన్నాళ్లు మూసుకోవాల్సి వచ్చింది. జ్ఞాపకాలకే ఆ గతి పడితే ఆచూకీల మాటేమిటి?

ఆశ్రయానికి చుక్కే వద్దు. పిలిస్తే పలికే నంబరు చాలు. మిగతావాటిని పెద్ద గడులుగా రంగు వేసి, అయిదుకన్నా తక్కువ చోట్లున్న గడిని ఖాళీగా వదలాలి. సమ్మతి అడగాల్సింది నిర్వాహకుల్ని మాత్రమే కాదు, ఆ గదిలో తలదాచుకున్నవారిని కూడా.

ఆ షీటుకిచ్చిన ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న అనుమతిని ఈ రాత్రే తీసేయండి. నివేదిక అట్టమీద చుక్కల పటం ఉండి తీరాలంటారా, ముందు మీ ఇంటి చుక్క పెట్టండి, అయిదు దశాంశాలతో.