ఇద్దరూ వద్దన్న సింహాసనం

బుద్ధుడినీ క్రీస్తునూ పక్కపక్కన పెట్టగానే మన చర్చలు రెండు గాడుల్లో పడిపోతాయి. బుద్ధుడిది హేతువు, క్రీస్తుది విశ్వాసం అని తీర్పు చెప్పేసేవారు ఒకవైపు. యేసు హిమాలయాలకొచ్చి బౌద్ధం నేర్చుకుని వెళ్లాడనేవారు మరోవైపు. రెండో మాట మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. 1894లో నొటోవిచ్ అనే రష్యన్ యాత్రికుడు లదాఖ్‌లోని హెమిస్ మఠంలో అలాంటి గ్రంథం చూశానని రాశాడు. మరుసటి ఏడాదే ఆగ్రా నుంచి ఒక ప్రొఫెసర్ అక్కడికి వెళ్లి మఠాధిపతినే అడిగితే, అలాంటి గ్రంథమేదీ లేదని తేలింది. ఆ కథ అప్పుడే ముగిసిపోవాల్సింది.

మొదటి మాటకు మాత్రం జవాబు చెప్పాలి. దానికి ఆధారంగా ఎప్పుడూ ఒకే ఉదాహరణ ఎత్తుకుంటారు. బిడ్డ శవాన్ని మోసుకొచ్చిన కిసాగోతమిని, చావు ఎరగని ఇంటి నుంచి ఆవగింజలు తెమ్మన్నాడు బుద్ధుడు. నాయీను ఊరి విధవరాలి కొడుకును పాడె మీద నుంచి లేపాడు యేసు. ఒకరు సత్యం చూపించారు, ఇంకొకరు అద్భుతం చేశారు, ఇక తేలిపోయింది అంటారు. ఏమీ తేలలేదు. ఆవగింజల కథ చాలాకాలం తర్వాత రాసిన వ్యాఖ్యానాల్లోది. తొలి భిక్షుణుల పద్యాల సంకలనమైన థేరీగాథలో కిసాగోతమి పేరిట ఉన్న పద్యాల్లో ఆ ఊసే లేదు. శ్రావస్తిలో బుద్ధుడు చేసిన జంట అద్భుతాన్ని (ఒంట్లోంచి నిప్పూ నీళ్లూ ఒకేసారి రప్పించడం) బౌద్ధ సంప్రదాయమే కళ్లకు కట్టినట్టు వర్ణిస్తుంది. పైగా, మహిమలు చూపించి జనాన్ని ఆకట్టుకోవాలని కేవట్టుడనే గృహస్థు అడిగితే బుద్ధుడు ఏవగించుకున్నాడు. ఆకాశం నుంచి ఒక సూచన చూపించమని పరిసయ్యులనే యూదు మతశాఖవారు అడిగితే, మార్కు సువార్తలో యేసు పెద్దగా నిట్టూర్చి కుదరదన్నాడు. గారడీ మీద ఇద్దరి అభిప్రాయమూ ఒకటే.

మనిషి బాధ ముందు ఇద్దరూ ఎలా నిలబడ్డారో చూడాలంటే బౌద్ధ సంఘ నియమాల గ్రంథమైన వినయ పిటకంలోని ఒక ఘట్టం దగ్గరికి వెళ్లాలి. విరేచనాలతో, తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువు బుద్ధుడి కంటపడ్డాడు. నిన్నెవరూ చూసుకోవడం లేదా అని అడిగితే, నేనెవరికీ ఏమీ చేయలేదు కాబట్టి నన్నెవరూ చూడటం లేదన్నాడతను. బుద్ధుడు తన శిష్యుడు ఆనందుణ్ని నీళ్లు తెమ్మన్నాడు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. బుద్ధుడు తల వైపు, ఆనందుడు కాళ్ల వైపు పట్టుకుని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులందర్నీ పిలిచి బుద్ధుడు అన్నాడు: మీకు తల్లి లేదు, తండ్రి లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు? నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి. దీని పక్కన మత్తయి సువార్త 25వ అధ్యాయం పెట్టండి. ‘మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి మీరు చేసితిరి గనుక నాకు చేసితిరి’. వందల ఏళ్ల దూరంలో, వేల మైళ్ల ఎడంలో, ఇద్దరూ తమకు చేయాల్సిన సేవను తీసుకెళ్లి రోగి ఖాతాలో వేశారు.

సిద్ధాంతం చదువుకున్నవారు దీనికి ఒప్పుకోరు. సృష్టికర్త ఉన్న మతమూ లేని మతమూ ఒకటెలా అవుతాయి, శాశ్వతమైన ఆత్మ లేదనే అనాత్మవాదానికీ నిత్యజీవానికీ పొత్తెక్కడిది, ‘నేనే మార్గము’ అన్నవాడికీ ‘మీకు మీరే దిక్కు’ అన్నవాడికీ సామ్యమేమిటి అంటారు. బుద్ధుడు మార్గం చూపేవాడే తప్ప మోక్షం ఇచ్చేవాడు కాదని అంబేద్కర్ కూడా గట్టిగానే విడదీశారు. ఈ తేడాలు నిజమైనవి. కానీ ఈ తేడాల్లో చాలావాటికి మూలం వాళ్ల తత్వంలో ఎంత ఉందో, వాళ్లకు దొరికిన కాలంలోనూ అంతే ఉంది. ఈ సంగతిని మనవాళ్లు పట్టించుకోరు.

బుద్ధుడు 35వ ఏట బోధి పొందాడు, 80వ ఏట కుశీనగరంలో కన్నుమూశాడు. 45 ఏళ్లు బోధించాడు. యేసుకు దొరికింది ఏడాది నుంచి మూడేళ్లు. 45 ఏళ్లున్నవాడు సముద్రం లోతు మెల్లమెల్లగా పెరిగినట్టే తన శిక్షణ కూడా మెల్లగా సాగుతుందని చెప్పగలడు. భిక్షువులకు 227 నియమాలు ఏర్పడేంత తీరిక ఆయన సంఘానికి దొరికింది. తండ్రిని పాతిపెట్టి వస్తానన్న శిష్యుడితో ‘మృతులు తమ మృతులను పాతిపెట్టుకొననిమ్ము’ అన్నవాడికి ఆ తీరిక లేదు. మార్కు సువార్త 16 అధ్యాయాల్లో ఆరు చివరి వారానికే సరిపోయాయి. నియమావళి రాయని గురువు శిష్యులకు ఏమైందో కూడా చూశాం. ఎవరితో కలిసి భోంచేయాలన్న దగ్గరే అంతియొకయ నగరంలో పేతురును పౌలు ముఖం మీదే నిలదీశాడు.

ఆ 45 ఏళ్లు ఊరికే దొరకలేదు. మగధ సరిహద్దుల్లో అలజడి రేగినప్పుడు బింబిసారుడి సైనికులు కొందరు యుద్ధం ఇష్టం లేక సంఘంలో చేరిపోయారు. సైనికుడికి దీక్ష ఇచ్చిన గురువు తల నరకాలని, దీక్షావాక్యం చదివినవాడి నాలుక పీకాలని, కూర్చున్న సంఘం పక్కటెముకలు విరగ్గొట్టాలని రాజుగారి న్యాయాధికారులు తేల్చారు. బింబిసారుడు స్వయంగా వచ్చి, శ్రద్ధలేని రాజులు కూడా ఉంటారు, చిన్న విషయానికే భిక్షువులను హింసిస్తారు అని చెప్పాడు. రాజు కొలువులో ఉన్నవాడికి దీక్ష ఇవ్వకూడదని నియమం వచ్చింది. తర్వాత అప్పులున్నవాడికి, ఆపైన దాసుడికి కూడా తలుపు మూశారు. దుఃఖం నుంచి అందరికీ విముక్తి ఉందన్న ధర్మంలో, యజమానుల చేతుల్లో ఉన్నవారికి చోటు లేకుండా పోయింది. ఇది రాజీ కాదంటే నేనొప్పుకోను. ఈ రాజీ లేకపోతే సంఘం ఒక తరం కూడా బతికేది కాదన్నదీ నిజమే. యేసు ఆ బేరానికే దిగలేదు. మార్కు కథనంలో యెరూషలేములో అడుగుపెట్టిన మర్నాడే ఆలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడదోశాడు. వారం తిరగకముందే రోమా గవర్నర్ పిలాతు ఆయన్ని సిలువ వేయించాడు. పైన ‘యూదుల రాజు’ అని నేరం రాసి పెట్టారు. అది రాజద్రోహానికి వేసే శిక్ష.

అసలు రాజ్యం ఇద్దరి గుమ్మం ముందుకూ వచ్చింది. చంపకుండా, చంపించకుండా ధర్మంగా రాజ్యం ఏలడం సాధ్యమా అని బుద్ధుడు ఏకాంతంలో ఆలోచిస్తుంటే బౌద్ధ కథల్లో ప్రలోభపెట్టే మారుడు ఆ మాట పట్టుకున్నాడు. అయితే ఏలు, నువ్వు తలుచుకుంటే హిమాలయమంతా బంగారమవుతుంది అన్నాడు. బంగారు కొండలు రెండున్నా ఒక్క మనిషికి చాలవని బుద్ధుడి జవాబు. సాతాను ఎత్తయిన కొండ మీద నుంచి లోకరాజ్యాలన్నీ చూపించి ఇస్తానంటే యేసు ‘పొమ్ము’ అన్నాడు. రెండు మతాలకూ పునాదిలో ఉన్నది ఈ నిరాకరణే. నిర్వాణం, పరలోకం తర్వాతి మాటలు.

గురువులు కాదన్నది శిష్యులు పుచ్చుకున్నారు. అశోకుడి 13వ శిలాశాసనం చదివి కళింగ పశ్చాత్తాపానికి కన్నీళ్లు పెట్టుకుంటాం. అదే శాసనంలో అడవి జనాలకు, పశ్చాత్తాపపడుతున్నా నాకు శిక్షించే శక్తి ఉంది సుమా అన్న హెచ్చరిక కూడా ఉంది. సంఘంలో చీలిక తెచ్చే భిక్షువుకు తెల్లబట్టలు కట్టించి వెళ్లగొట్టాలని సారనాథ్ స్తంభం మీద చెక్కించింది కూడా చక్రవర్తే. మరోవైపు 325లో నికేయాలో క్రైస్తవ బిషప్పుల సభను పిలిచింది రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్. 385లో ట్రియర్ నగరంలో క్రైస్తవ చక్రవర్తి ఒకడు ప్రిసిలియన్ అనే బిషప్ తల తీయించాడు. గురువును చంపిన రోమా సామ్రాజ్యమే ఆ గురువు పేరుతో చంపడం మొదలుపెట్టింది. టూర్స్ బిషప్ మార్టిన్ రక్తం వద్దని బతిమాలాడు. ఎవరు వింటారు?

కాబట్టి బౌద్ధం శాంతిమతం, క్రైస్తవం శిలువ యుద్ధాల మతం అనే లెక్క కూడా చెల్లదు. యుద్ధంలో ఎంతోమందిని చంపినందుకు కుమిలిపోతున్న దుట్ఠగామణి రాజును అర్హంతులు (నిర్వాణం పొందిన భిక్షువులు) ఓదార్చిన తీరు శ్రీలంక చరిత్ర కావ్యం మహావంశంలో ఉంది. చచ్చినవాళ్లలో మనుషుల లెక్కకొచ్చేది ఒకటిన్నర మందే, మిగతావారు పశుప్రాయులని చెప్పారట. 2017లో ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు ప్రాణాలరచేత పట్టుకుని బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అదే అక్టోబరులో మయన్మార్‌లో ఒక ప్రముఖ భిక్షువు సైనికాధికారుల ముందు కూర్చుని ఎత్తుకున్న కథ ఇదే.

అదే మయన్మార్‌లో పదేళ్ల ముందు, 2007 సెప్టెంబరులో, వేలాది భిక్షువులు సైనిక ప్రభుత్వాన్ని ధిక్కరించి వీధుల్లోకొచ్చారు. సైన్యాధికారుల కుటుంబాల నుంచి భిక్ష తీసుకోబోమని భిక్షాపాత్రలు బోర్లించారు. వినయ పిటకంలో ఉన్న పాత నియమమే అది. మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్‌లో ఆర్చిబిషప్ రొమేరో 1980 మార్చి 23న, చంపమని వచ్చే ఆజ్ఞను పాటించనక్కర్లేదని సైనికులకు ప్రసంగవేదిక మీద నుంచే చెప్పాడు. మర్నాడు పూజ చేస్తుండగా కాల్చి చంపారు. నా దృష్టిలో ఆ భిక్షువులకు దగ్గరి బంధువు రొమేరోనే. 2017లో సైన్యం ముందు కూర్చున్న భిక్షువు చీవరం రంగు వాళ్లదే కావచ్చు, అతను వాళ్లకేమీ కాడు.