ఇక్కడ సంగీతం జరుగుతోంది, ఆ డప్పులు ఆపండి

మా ఊళ్లో ఒక సంగీత పాఠశాల ఉంది. పేరు చెప్పను. చెబితే వచ్చే త్యాగరాజ ఆరాధనకి నాకు ముందు వరసలో కుర్చీ దక్కదు. ఆ బడి ప్రహరీగోడకీ వెనక ఉన్న పేటకీ మధ్య ఒక మురికి కాలవ, దాని మీద రెండు నాపరాళ్లు. చంటిపిల్లని చంకనేసుకుని నడిచినా మూడు నిమిషాలు పట్టదు. మొన్న ఆదివారం పాఠశాలవారు ఆ కాలవ దాటారు. రెండు కార్లు, ఒక వ్యాను, షామియానా, జనరేటరు, పన్నెండడుగుల ఫ్లెక్సీ వేసుకుని, ఊరంతా చుట్టి అవతలివైపు నుంచి వచ్చారు. దీన్ని ఔట్‌రీచ్ అంటారట, అంటే జనం దగ్గరికి మనమే వెళ్లడం.

ఫ్లెక్సీ మీద ‘మీ ముంగిట్లోకి నాదం’ అని ఉంది. నాదం కన్నా పెద్దగా కార్యదర్శిగారి మొహం ఉంది. త్యాగరాజస్వామి కూడా ఉన్నారు పాపం, కుడివైపు అడుగున, రేషన్ కార్డు ఫొటో సైజులో.

ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. ఈలోగా పిల్లల్ని టార్పాలిన్ మీద వరసల్లో కూర్చోబెట్టి లెక్కపెట్టారు. వాళ్లు అటూ ఇటూ కదిలారని మళ్లీ లెక్కపెట్టారు. అసలు తంబురా వ్యానులోంచి దిగింది, ఫొటో దిగింది, మళ్లీ వ్యానెక్కింది. శ్రుతి మాత్రం టీచరమ్మ ఫోన్లో యాప్ నుంచి వచ్చింది. పిల్లలు ‘స’ అందుకునేసరికి ఎవరో పర్సనల్ లోన్ ఇస్తామని ఫోన్ చేశారు. షడ్జమం ఆగిపోయి రింగ్‌టోన్ మోగింది. పిల్లలు ఏమీ తడబడకుండా రింగ్‌టోన్ శ్రుతిలోకి మారిపోయారు. అప్పటికప్పుడు అల్లుకుని పాడడాన్ని మనోధర్మం అంటారు. నా మటుకు నాకు ఆ రోజు మొత్తంలో అసలైన మనోధర్మం అదే.

మృదంగం చూసి ఒక బుడతడు లేచాడు. ఎడమవైపు అంటించిన తడి రవ్వ ముద్దని వేలితో తాకి, “ఇది ఉప్మానా సార్?” అన్నాడు. నవ్వాల్సిన చోట కార్యదర్శిగారు కళ్లెర్రజేశారు. మైకు అందుకుని, “ఈ పేటకి ఇంతవరకూ సంగీతమంటే ఏమిటో తెలియదు. ఈ రోజుతో...” అని మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడు వెనక సందులో డప్పు పలికింది.

సాయంత్రం పెళ్లి ఊరేగింపు ఉంది. ఆరుగురు డప్పువాళ్లు పాత పేపర్లూ గడ్డీ మంటేసి డప్పులు కాస్తున్నారు. ఒకాయన డప్పుని సెగ మీద తిప్పుతాడు, చిటికెన పుల్లతో అంచు మీద తడతాడు, చెవి దగ్గర పెట్టుకుంటాడు, మొహం చిట్లించి మళ్లీ సెగకి పడతాడు. పలికాక కుడిచేత్తో సిర్ర, అంటే లావుపాటి పుల్ల, అందుకుంటాడు. ఇటు వేదిక మీద మృదంగం కుర్రాడు చిన్న రాయీ చెక్క ముక్కా పట్టుకుని, అంచు చుట్టూ కొట్టుకుంటూ అచ్చం అదే మొహం పెట్టి అదే పని చేస్తున్నాడు. ఇద్దరికీ మధ్య ఇరవై అడుగులు. ఒకరిది శ్రుతి చేసుకోవడం, ఇంకొకరిది గోల.

“ఏయ్, వెళ్లి ఆ చప్పుడు ఆపమను. ఇక్కడ సంగీతం జరుగుతోందని చెప్పు” అని కార్యదర్శిగారు వాచ్‌మన్‌ని పంపారు. మైకు కట్టెయ్యడం మరిచిపోయారు కాబట్టి ఆ మాట పేట మొత్తం విన్నది.

వాచ్‌మన్ వెళ్లి చెప్పాడు. పెద్దాయన డప్పు దించకుండానే, “ఆపుతాం బాబూ. సెగ తగలందే తోలు పలకదు, ఇంకో రెండు నిమిషాలు” అన్నాడు. వాచ్‌మన్ వచ్చి ఆ జవాబు విన్నవించాడు. కార్యదర్శిగారు రెండోసారి పంపారు. ఈసారి వాచ్‌మన్ తిరిగి రాలేదు. కాసేపటికి చూస్తే మంటలో పేపర్లు వేస్తూ కనిపించాడు. మూడోసారి పంపడానికి మనిషి లేక మృదంగం కుర్రాణ్ని పంపారు. వాడూ రాలేదు. ముఖ్య అతిథి దిగేసరికి వేదిక మీద కార్యదర్శి, టీచరమ్మ, రవ్వ ముద్దతో మృదంగం మిగిలారు. టార్పాలిన్ మీద ఎవరూ లేరు. సంగీతం ఎక్కడ జరుగుతోందో పిల్లలకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది.

బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చామని మైకులో చెప్పాక మళ్లీ లెక్క సరిపోయింది.

ఈ లెక్కపెట్టడం ఏమిటా అని మీరు అనుకోవచ్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. అందులో కళలూ సంస్కృతీ ఒక పద్దు. ఎవరో ఆ పద్దు కింద ఇచ్చారు, వీళ్లు తీసుకున్నారు. ఇచ్చినవాళ్లకి రిపోర్టు కావాలి, రిపోర్టులో ‘లబ్ధిదారులు’ అనే గడి ఉంటుంది. ఆ గడిలో తల పడుతుంది, గొంతు పట్టదు.

కన్సర్వేటరీ అన్న మాట ఉంది చూశారా, దేశదేశాల సంగీత పాఠశాలలు గొప్పగా పెట్టుకునే పేరు? 16వ శతాబ్దంలో ఇటలీలోని నేపుల్స్‌లో అది అనాథ శరణాలయం పేరు. దిక్కులేని పిల్లల్ని చేర్చుకుని, కాపాడి, పాట నేర్పేవాళ్లు. వెనిస్‌లో వివాల్డి 1703లో వయొలిన్ మాస్టరుగా చేరింది కూడా అలాంటి చోటే, అనాథ ఆడపిల్లలకి నేర్పడానికి. పేదపిల్లలు సంగీత పాఠశాలకి ఔట్‌రీచ్ కాదు, అసలు వాళ్ల కోసమే అది పుట్టింది. అంత దూరం ఎందుకు, విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టింది చూపులేని ఒక కుర్రాడి కోసమని చెబుతారు. హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ఆ ఊరికి సంగీతం కోసం ఉత్త చేతులతో వెళ్లిన ఘంటసాల జోలె పట్టి మధుకరం ఎత్తుకుని తిన్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఫీజు అడక్కుండా పాఠం చెప్పారు. ఆయన ఏ ఫ్లెక్సీ వేయించుకున్నారో నాకైతే తెలియలేదు. వెనిజులాలో 1975లో అబ్రెయు అనే ఆయన కారాకస్‌లో ఒక కారు షెడ్డులో పదకొండు మందితో మొదలుపెట్టాడు. తర్వాత లక్షల మంది పిల్లలు వచ్చారు. అక్కడ వాయిద్యం ఇచ్చి, రోజూ బడి అయ్యాక గంటల తరబడి సాధన చేయించారు. రోజూ, అండీ. ఏడాదికో ఆదివారం కాదు.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి చెప్పాలి. ఇది హాస్యంగా రాయడం నా వల్ల కావట్లేదు.

పదేళ్లుంటాయి. బిస్కెట్ ప్యాకెట్ విప్పకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. టీచరమ్మ మాయామాళవగౌళలో మొదటి సరళి వరస ఒక్కసారి పాడింది. పిల్ల తిరిగి పాడింది. ఆ రాగంలో రిషభం, అంటే ‘రి’, షడ్జమానికి ఆనుకునే ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని పైకి లాగేస్తారు, నెలల తరబడి దిద్దినా కొందరికి లొంగదు. ఈ పిల్ల దాన్ని అక్కడే పెట్టి నిలబెట్టింది. టీచరమ్మ ఫోను పక్కన పెట్టింది. ఇంకోసారి పాడించింది. ఆవిడ కళ్లు చూశాను నేను, అబద్ధం చెప్పే కళ్లు కావు. పిల్ల, “రేపు కూడా వస్తారా టీచర్?” అంది. టీచరమ్మ కార్యదర్శి వైపు చూసింది. ఆయన ఒక ఫారం ఇచ్చాడు.

ఆ ఫారం నేను చదివాను. అడ్మిషన్ ఫీజు, నెల ఫీజు, సొంత శ్రుతిపెట్టె, తల్లిదండ్రుల విద్యార్హతలు, వారితో ముఖాముఖి. తల్లిదండ్రుల విద్యార్హత ఎందుకయ్యా? రిషభం వాళ్లమ్మ పాడుతుందా? సోమవారం ఆ తల్లి పని మానుకుని, పిల్లకి తల దువ్వి, నాపరాళ్ల మీదుగా గేటు దగ్గరికి తీసుకెళ్లింది. అదే వాచ్‌మన్, అదే మనిషి, తలొంచుకుని, “లోపలికి పంపొద్దన్నారమ్మా. ప్రోగ్రాం నిన్ననే అయిపోయిందంట. ఇయ్యాల రిపోర్టు రాసుకుంటున్నారు” అన్నాడు. రాసుకుంటున్నారు! ఆ రిపోర్టులో లబ్ధిదారులు 140 అని ఉంటుంది, ఆ 140లో ఈ పిల్ల ఒకటి. లోపల గదిలో పనసకర్ర మృదంగాలు వరసగా బొర్లించి ఉన్నాయి. వాటికి తోలు ఎవరు తీశారు, ఎవరు బిగించారు? వాళ్ల చెయ్యి లేకపోతే కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే మీ తనియావర్తనం చెక్క డబ్బా మీద వాయించుకోవాలి. వాళ్ల పిల్లకి గేటు తియ్యడానికి మాత్రం మీకు చెయ్యి రాదు. సిగ్గు లేదూ?

కుర్చీ పోయింది. పోనీండి.

మంగళవారం రాత్రి కుండపోత వాన. పొద్దున్నే అటువైపు వెళ్లాను. షామియానావాడు వదిలేసిన ఫ్లెక్సీని పెద్దాయన ఇంటివాళ్లు చూరుకి కట్టారు. కార్యదర్శిగారి చిరునవ్వు మీద నీళ్లు మడుగు కట్టాయి. త్యాగరాజస్వామి ఉన్న మూల మాత్రం ఎవరో కత్తిరించి లోపల గోడకి అంటించుకున్నారు. కింద ఆరు డప్పులూ పొడిగా ఉన్నాయి. ఆ పిల్ల ఒకదాని అంచు మీద చిటికెన పుల్లతో తడుతూ చెవి దగ్గర పెట్టుకుంటోంది.