కిడ్నీ పోయాక ఇచ్చే డబ్బు, పోకముందే ఎందుకివ్వరు?

రెండేళ్ల క్రితం మా మేనకోడలికి అమలాపురం దగ్గర ఒక ఆసుపత్రిలో కాన్పయింది. మూడో రోజుకి ముఖం ఉబ్బింది, మూత్రం తగ్గిపోయింది. బాలింత ఒంటికి నీరు పట్టడం మామూలే అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. ఆసుపత్రివాళ్లు బీపీ వల్ల అన్నారు. ప్లేట్‌లెట్లు 40 వేలకు పడిపోయినా, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 4 దాటినా, అదే సర్దుకుంటుందని నాలుగు రోజులు చూశారు. ఆ నాలుగు రోజులు నేను ఇప్పటికీ మర్చిపోలేను.

విశాఖ తీసుకెళ్తే అక్కడి డాక్టరుగారు రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూసి, ఎర్రకణాలు ముక్కలైపోతున్నాయన్నారు. ఎటిపికల్ హెచ్‌యూఎస్ అనే, కిడ్నీలని దెబ్బతీసే అరుదైన జబ్బు పేరు మేం వినడం అదే మొదలు.

మన డెల్టావాళ్లకి తెలిసిన మాటల్లో చెప్తాను. ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్లతోనే మన చేలు పండుతాయి. లాకు తలుపు పాడైతే అవే నీళ్లు చేనుని ముంచేస్తాయి. మన రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు క్రిములకి చిల్లులు పెట్టి చంపుతాయి. అవి ఎప్పుడూ కొద్దికొద్దిగా పనిచేస్తూనే ఉంటాయి. మన సొంత కణాల జోలికి రాకుండా వాటిని ఆపేది ఫ్యాక్టర్ హెచ్ అనే ఇంకో ప్రోటీన్. మా పిల్లకి ఆ తలుపే పుట్టుకతో సరిగా లేదని జన్యు పరీక్షలో తేలింది. కాన్పుతో వరద వచ్చింది. కిడ్నీలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని, లోపల రక్తం గడ్డకట్టేసింది.

దీనికి మందు ఉంది. ఎక్యులిజుమాబ్ అనే యాంటీబాడీ మందు, ఆ కాంప్లిమెంట్‌లో ఒకటైన సి5 ప్రోటీన్‌ని పట్టేసి, చిల్లులు పెట్టే ఆ చివరి పనిని ఆపుతుంది. ఈ జబ్బుకి అమెరికాలో 2011లోనే అనుమతి వచ్చింది. మొదట్లో వారానికోసారి, తర్వాత రెండు వారాలకోసారి ఎక్కిస్తారు. మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ క్రిమికి టీకా వేయాలి, ఎందుకంటే ఆ క్రిమిని చంపేదీ ఈ ప్రోటీన్లే. 2019లో అనుమతి వచ్చిన రావులిజుమాబ్ అయితే పెద్దవాళ్లకి ఎనిమిది వారాలకోసారి చాలు. షుగర్ వల్ల పాడైన కిడ్నీకి ఇవేవీ పనికిరావు, ఎవరైనా పనికొస్తాయని చెప్తే నమ్మకండి.

అమెరికాలో ఆ మందు ఖర్చు ఏడాదికి 5 లక్షల డాలర్ల పైనే ఉండేది. రూపాయల్లో ఎంతో వినగానే మా బావగారు గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయారు. అర ఎకరం కొబ్బరితోట అమ్మి, రక్తంలోని ద్రవం తీసేసి దాతలది ఎక్కించే ప్లాస్మా మార్పిడి చేయించాం. ప్రాణం దక్కింది, కిడ్నీలు దక్కలేదు.

ఇప్పుడు డయాలిసిస్ ప్రభుత్వ పథకంలో ఉచితంగా జరుగుతోంది, నెలకి 10,000 పింఛను వస్తోంది. అది లేకపోతే మా పిల్ల లేదు, ఆ మేలు మరువం. కానీ బతికినన్నాళ్లూ డయాలిసిస్‌కి ఖర్చు పెట్టే ప్రభుత్వం, ఆ మొదటి కొన్ని వారాల మందుకి ఎందుకు పెట్టకూడదు? జన్యు పరీక్ష చూసుకుని, జాగ్రత్తగా గమనిస్తూ, తర్వాత కొందరికి మందు ఆపేస్తున్నారు కూడా. అందరికీ జన్మంతా ఇవ్వాలని లేదు.

ధర కూడా ఇలాగే ఉండిపోదు. అసలు మందుకి సాటిగా వేరే కంపెనీలు చేసే మందుల్ని బయోసిమిలర్లు అంటారు. ఎక్యులిజుమాబ్ బయోసిమిలర్లకి యూరప్‌లో 2023లో, అమెరికాలో 2024లో అనుమతులొచ్చాయి. 2007లోనే రిటుక్సిమాబ్‌కి బయోసిమిలర్ తెచ్చిన డాక్టర్ రెడ్డీస్ మన హైదరాబాద్‌దే. మనవాళ్లకి చేతకాని పని కాదిది. ప్రభుత్వం కొంటానంటే చేసేవాళ్లు ముందుకొస్తారని నా నమ్మకం.

మన దేశంలో ఈ జబ్బు వచ్చే పిల్లల్లో దాదాపు సగంమందికి, వాళ్ల ఒళ్లే తయారుచేసి ఫ్యాక్టర్ హెచ్ పని చెడగొట్టే యాంటీబాడీలు ఉంటాయి. వాళ్లకి వెంటనే ప్లాస్మా మార్పిడి, రోగనిరోధక శక్తిని తగ్గించే మామూలు మందులు మొదలుపెడితే కిడ్నీలు నిలబడే అవకాశం బాగా ఉంది. దానికి ఖరీదైన మందుకన్నా ముందు అనుమానం కావాలి. ప్లేట్‌లెట్లు తగ్గి, రక్తం తగ్గి, క్రియాటినిన్ పెరుగుతుంటే ఆ రోజే రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూసే స్మియర్, కణాలు చితికితే పెరిగే ఎల్‌డీహెచ్ చేయించమని అడగండి. బాలింత అని ఆగకండి.

మా అక్క తన కూతురికి కిడ్నీ ఇస్తానంటోంది. పరీక్షలన్నీ అయ్యాయి, సరిపోతుందన్నారు. కానీ ఈ జన్యులోపంతో కొత్త కిడ్నీకీ అదే జబ్బు తిరిగొచ్చే ప్రమాదం ఎక్కువట, ఆపరేషన్ నాటికి ఆ మందు చేతిలో ఉండాలట. మా అక్కకి 52 ఏళ్లు. ఆ రిపోర్టులన్నీ బీరువాలో పెట్టుకుని కూర్చుంది.