సగం అడ్వాన్సు ఎందుకు?

పని మొదలుకాకముందే మేస్త్రీకి సగం డబ్బు ఇవ్వడం మామూలేనని ఇంటి మరమ్మతుల గురించి మీరు వేసిన వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. రెండేళ్ల క్రితం స్నానాల గది బాగుచేయించేటప్పుడు అలాగే ఇచ్చి, పగలగొట్టిన గచ్చు చూసుకుంటూ మూడు వారాలు కూర్చున్నాను. మేస్త్రీ ఈలోగా ఇంకో ఇంట్లో పని పట్టాడు. ఫోను చేస్తే ‘రేపు పొద్దున్నే వస్తానండీ’ అనేవాడు. ఆ రేపు ఎన్నటికీ తెల్లవారలేదు.

తరువాత వేరే మేస్త్రీతో పద్ధతి మార్చాను. సిమెంటు, పైపులు, టైల్స్ నేనే దుకాణంలో కొని బిల్లులు దగ్గర పెట్టుకున్నాను. కూలి మాత్రం జరిగిన పనిని బట్టి విడతలుగా ఇచ్చాను. అన్నిటికన్నా ముఖ్యం వాటర్‌ప్రూఫింగ్ విడత, అంటే నీళ్లు కిందికి దిగకుండా నేలకు వేసే పూతకు ఇచ్చేది. ఆ పూత ఆరాక, టైల్స్ వేయకముందే తూము మూసి, నేలంతా నీళ్లు నిలిపి కనీసం 24 గంటలు ఉంచాలి. కింది ఇంటి పైకప్పు చెమ్మగిల్లకపోతేనే ఆ డబ్బు చేతికిచ్చేది. టైల్స్ అతికించాక తప్పు బయటపడితే మళ్లీ పగలగొట్టాల్సిందే, ఆ ఖర్చు మనదే.

చెల్లింపులు యూపీఐలో చేసి, ఏ పనికో అందులోనే రాశాను. శనివారం కూలీలకు పంచడానికి నగదు కావాలన్నాడు. అది న్యాయమే, ఇచ్చి పుస్తకంలో సంతకం తీసుకున్నాను. చివరి పదో వంతు 15 రోజులు కుళాయిలన్నీ వాడి చూశాక ఇచ్చాను. కాస్త గొణిగాడు కానీ, ముందే కాగితం మీద రాసుకున్న మాట కాబట్టి ఒప్పుకున్నాడు.