ఎస్‌ఓపీ: ఒక ఆధునిక ప్రబంధం

మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఒక ప్రక్రియను ఇంతకాలం పట్టించుకోకపోవడం విచారకరం. ఏటా అమెరికా ఎమ్మెస్ దరఖాస్తుల గడువు దగ్గరపడే కొద్దీ రెండు తెలుగు రాష్ట్రాల యువతీయువకులు ఇరవై రెండేళ్లు నిండకుండానే ఆత్మకథ రాస్తున్నారు, లేదా రాయిస్తున్నారు. దీని అసలు పేరు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో ఎస్‌ఓపీ. భాష ఇంగ్లీషే అయినా నిర్మాణం మాత్రం నికార్సైన ప్రబంధానిదే.

ఇష్టదేవతా స్తుతి స్థానంలో కలల గురించి అబ్దుల్ కలాం గారు చెప్పిన మాటో, ఆయన చెప్పారని వాట్సాప్ చెప్పిన మాటో ఉంటుంది. పూర్వకవి స్తుతిలో ఆ యూనివర్సిటీ ప్రొఫెసర్లు ఇద్దరిని, వారి పరిశోధనలలో శీర్షికకు మించి ఒక్క వాక్యమూ చదవకుండా, మనసారా కొనియాడతారు. కుకవి నింద మాత్రం పరిహరించారు. రికమెండేషన్ లెటర్ల మీద సంతకం పెట్టవలసిన లెక్చరర్లు ఇక్కడివారే కదా.

అసలు కథ నాయకుడి బాల్యంతో మొదలవుతుంది. ‘చిన్నప్పుడు ఏదైనా విప్పి చూశావా బాబూ?’ అని కౌన్సెలర్ మేడమ్ అడిగితే, అబ్బాయి నిజాయితీగా లేదంటాడు. ‘పోనీ, రేడియో విప్పావని రాద్దాం’ అంటూ ఆమె నిరుటి కుర్రాడి ఫైలు తెరిచి పేరు మారుస్తుంది. 2003లో పుట్టినవాడి ఇంట్లో రేడియో ఎక్కడిదని అడగడం రసజ్ఞత అనిపించుకోదు. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాడికి డేటా సైన్స్ మీద మనసెందుకు మళ్లిందనే చిక్కుముడిని కూడా, వంతెన మీద పోయే బండ్ల లెక్క డేటాయేనన్న ఒక్క వాక్యంతో విప్పేస్తారు. బ్యాక్‌లాగులు పట్టుదలకు తార్కాణాలవుతాయి. మూడో పేరాలో నిరుటి కుర్రాడి యూనివర్సిటీ పేరు అలాగే మిగిలిపోతే, దాన్ని లేఖక దోషంగా భావించి పండితులు మన్నించాలి.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఇది చాలదు. నీ నేపథ్యమేమిటో, జీవితంలో ఏయే అడ్డంకులు దాటావో చెప్పమని మరో వ్యాసం అడుగుతారు. అక్కడ మనవాడు నిజంగా కష్టాల్లో పడతాడు, ఎందుకంటే రాసుకోవడానికి అతనికి కష్టాలు లేవు. నాన్న గవర్నమెంటు ఉద్యోగి, కూకట్‌పల్లిలో సొంత ఫ్లాటు, కార్పొరేట్ కాలేజీ బస్సు ఇంటి గుమ్మం దాకా. చివరికి ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించగా తాతగారి ఊళ్లో వేసవి కరెంటు కోతలు గుర్తుకొస్తాయి. ఆ కొద్దిపాటి చీకటిని నాలుగు పేరాలకు సాగదీయగలిగినవాడిని కవి అనకపోతే మరెవరిని అంటాం?

ఈ వ్యాసాలకు గిరాకీ పెరగడం వెనుక ఒక ఉదాత్తమైన ఆలోచన ఉంది. మార్కులతో మనిషిని తూచడం తగదని కోవిడ్ నాటి నుంచి చాలా విశ్వవిద్యాలయాలు జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్షను అడగడం మానేశాయి. 2023 సెప్టెంబరులో ఆ పరీక్షను రెండు గంటల లోపుకు కుదించి, అందులోని రెండు వ్యాసాల్లో ఒకదాన్ని తీసేశారు. అభ్యర్థి ఒంటరిగా కూర్చుని రాసే వ్యాసం పోయి, ఫీజు కట్టి రాయించుకునే వ్యాసానికి బరువు పెరిగింది. మనిషిని సమగ్రంగా చూడటమంటే ఇదే కాబోలు.

ఇక ఫలశ్రుతి: చదువు ముగించుకుని స్వదేశానికి తిరిగివచ్చి సేవ చేస్తాను. వీసా కోరే ప్రతి విద్యార్థీ అక్కడే స్థిరపడదలచినవాడేనని, కాదని అతడు నిరూపించుకునే దాకా భావించాలని అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఇంటర్వ్యూలో కూడా ఈ వాక్యమే వల్లించాలి. బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన బొంకదగిన సందర్భాల్లో వీసా లేకపోవడం ఆ రోజుల్లో కాన్సులేట్లు లేనందువల్లనే.

అయితే ఆ ఇంట్లో అసలు పర్పస్ రాసిన కాగితం వేరే ఉంది. అది ఎడ్యుకేషన్ లోను కోసం బ్యాంకుకు వెళ్లేముందు నాన్న వేసుకున్న లెక్క. ఫ్లాటు తాకట్టు, వడ్డీ, డాలరు రేటు, చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ పన్నెండు నెలలు, దానిపై సైన్సు, ఇంజినీరింగ్ వంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు ఇరవై నాలుగు, ఆలోపు తీరవలసిన బాకీ, ఆపైన హెచ్-1బీ ఉద్యోగ వీసా అని రాసి పక్కన ఒక ప్రశ్నార్థకం. అడ్మిషన్ కమిటీలు ఎస్‌ఓపీ బదులు ఈ కాగితాన్నే అప్‌లోడ్ చేయమనవచ్చు. ఒకటే ఇబ్బంది, అందులో ఏ యూనివర్సిటీ పేరూ ఉండదు.